మసకంతా శుక్లం కాదు

నడి చూపును మింగే జబ్బు వేరే ఉంది * శిబిరం వచ్చేదాకా ఆగితే చేటు

శ్రీకాకుళం: వయసు మళ్లినవారికి కన్ను మసకబారితే అది శుక్లమేనని తీర్మానించుకోవడం పల్లెల్లో పరిపాటి. శుక్లం ముదరనీ, కోతలు కానీ, పండగ వెళ్లనీ, ఊళ్లోకి కంటి శిబిరం వచ్చినప్పుడు చూద్దాం అని ఇంటిల్లిపాదీ సర్దిచెప్పుకుంటారు. నిజంగా శుక్లమే అయితే ఈ జాప్యం వల్ల సాధారణంగా పెద్ద నష్టం ఉండదు. నాలుగు నెలలు ఆగి ఆపరేషన్ చేయించుకున్నా చాలావరకు చూపు తిరిగి వస్తుంది. కాని మసకంతా శుక్లం కాదు. ముసలితనంలో కంటి వెనుక భాగంలో పుట్టే మరో జబ్బు ఉంది. అందులో ఒక రకం నెలలు కాదు, వారాల్లోనే చూపును మింగేస్తుంది. అలా పోయిన చూపును ఏ ఆపరేషనూ తిరిగి తేలేదు.

వైద్యులు దీనిని మాక్యులర్ డీజనరేషన్ అంటారు. తెలుగులో చెప్పాలంటే కంటి నడిమచ్చ క్షీణించడం. నొప్పి ఉండదు. కన్ను ఎర్రబడదు. నీరు కారదు. పైకి చూస్తే కన్ను మామూలుగానే ఉంటుంది. అందుకే ఇది పట్టుబడేసరికి ఆలస్యమవుతోంది. 2020 నాటికి ప్రపంచంలో 19 కోట్ల 60 లక్షల మందికి ఈ జబ్బు ఏదో ఒక దశలో ఉంటుందని, 2040 నాటికి ఈ సంఖ్య 28 కోట్ల 80 లక్షలకు చేరుతుందని 2014లో పరిశోధకులు అంచనా వేశారు. మనుషుల ఆయుష్షు పెరిగే కొద్దీ ఈ జబ్బూ పెరుగుతుంది.

కందిగింజంత చోటు

పాతకాలం కెమెరాలో ఫిల్ము ఎలాగో కంటిలో నేత్రపటలం అలాగ. కంటి వెనుక గోడకు పలచని పొరలా అంటుకుని ఉంటుంది. దాని నడుమ కందిగింజంత చోటు ఉంది. పాఠ్యపుస్తకాలలో పచ్చచుక్క అని చెప్పేది దీనినే. చోటు చిన్నదే అయినా పనంతా దానిదే. అక్షరం చదవాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా, బియ్యంలో రాళ్లు ఏరాలన్నా, ఎదుటి మనిషి ముఖం పోల్చుకోవాలన్నా ఈ చుక్కే ఆధారం. మిగతా నేత్రపటలం పక్కచూపుకు పనికొస్తుంది.

శుక్లం వచ్చినప్పుడు పాడయ్యేది కంటి ముందు వైపున ఉన్న కటకం. అద్దానికి మసి పట్టినట్టు చూపంతా సమానంగా మసకబారుతుంది. కటకం మారిస్తే చూపు తేటపడుతుంది. ఈ జబ్బులో అద్దం బాగానే ఉంటుంది, ఫిల్ము మధ్యలో చెడుతుంది. అందుకే చుట్టూ కనిపిస్తూ నడుమ మాత్రం మాసిపోతుంది. నలభై ఏళ్లకు వచ్చే చత్వారం వేరు. విటమిన్ ఏ లోపం వల్ల వచ్చే రేచీకటి వేరు. నీటికాసులు వేరు. నీటికాసుల జబ్బులో ముందు పక్కచూపు పోతుంది. ఇందులో నడి చూపు పోతుంది.

ఒకే కంటికి శుక్లమూ ఈ జబ్బూ రెండూ ఉండవచ్చు. అలాంటివారికి శుక్లం ఆపరేషన్ చక్కగా జరిగినా ఆశించినంత చూపు రాదు. డాక్టరు చెయ్యి మంచిది కాదని, కన్ను పాడుచేశారని అపోహ పడేది ఇలాంటప్పుడే. ఆపరేషన్‌కు ముందే కంటి వెనుక భాగం కూడా పరీక్షించాలని అడిగి చేయించుకుంటే ఈ చిక్కు ఉండదు.

పొడి రకం, తడి రకం

ఈ జబ్బు రెండు విధాలు. మొదటిది పొడి రకం. నూటికి 85 నుంచి 90 మందికి వచ్చేది ఇదే. పచ్చచుక్క కింద పసుపురంగు మడ్డి చుక్కలు చుక్కలుగా పేరుకుంటుంది. ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుంది. చాలామందికి మొదటి దశలో చూపులో తేడాయే తెలియదు. చదవడానికి ఇదివరకటి కంటె ఎక్కువ వెలుతురు కావలసి రావడం, ఎండలోంచి ఇంట్లోకి వస్తే కన్ను సర్దుకోవడానికి ఎక్కువ సేపు పట్టడం వంటివి తొలి సూచనలు.

రెండవది తడి రకం. నేత్రపటలం అడుగున కొత్తగా బలహీనమైన రక్తనాళాలు మొలుస్తాయి. వాటినుంచి నీరు, రక్తం ఊరుతాయి. పచ్చచుక్క ఉబ్బుతుంది. కొన్నాళ్లకు అక్కడ మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన తర్వాత చేయగలిగింది తక్కువ. నూటికి 10, 15 మందికే వచ్చినా, ఈ జబ్బుతో చూపు బాగా పోగొట్టుకున్నవారిలో ఎక్కువమంది తడి రకం బాధితులే. పొడి రకం ఉన్నవారిలో కొందరికి ఏ రోజయినా అది తడి రకంగా మారవచ్చు. కనుక పొడి రకమే కదా అని నిశ్చింతగా ఉండడానికి వీలులేదు.

ఇంట్లో అపార్థాలు

ఈ జబ్బు మనిషిని పూర్తి చీకటిలోకి నెట్టదు. పక్కచూపు మిగులుతుంది గనుక ముసలివారు గోడ పట్టుకోకుండానే నడుస్తారు. గుమ్మం దాటుతారు. దారికి అడ్డంగా ఉన్న చెంబును తప్పుకుంటారు. అదే మనిషి ఎదురుగా నిలబడిన మనవడి ముఖం పోల్చుకోలేడు. పింఛను నోట్లు లెక్కపెట్టుకోలేడు. బస్సు బోర్డు చదవలేడు.

ఇది తెలియక ఇళ్లలో తగవులు వస్తాయి. మూలనున్న చెంబు కనబడిన ముసలమ్మకు మనిషి ముఖం కనబడదా అని కోడళ్లు విసుక్కుంటారు. ఎదురుపడినా పలకరించలేదని వియ్యాలవారు నొచ్చుకుంటారు. ముసలివారు వేషాలు వేస్తున్నారని అనుకునేవారూ ఉన్నారు. అది వేషం కాదు, జబ్బు లక్షణం.

ఇంకొక వింత కూడా ఉంది. చూపు బాగా తగ్గినవారిలో కొందరికి లేని మనుషులు, పూలు, గళ్లు, ముగ్గులు కళ్ల ముందు కనబడతాయి. మెదడు చూపు లేని చోటును తనంతట తాను బొమ్మలతో నింపడం వల్ల ఇలా జరుగుతుంది. స్విట్జర్లాండుకు చెందిన శాస్త్రజ్ఞుడు చార్లెస్ బోనే చూపు తగ్గిన తన తాతగారికి కలిగిన ఇలాంటి దృశ్యాలను 1760లోనే గ్రంథస్థం చేశాడు. ఇది పిచ్చి కాదు. గాలి సోకడమూ కాదు. భూతవైద్యుడికి పెట్టే ఖర్చుతో కంటి డాక్టరు దగ్గరకు వెళ్లిరావచ్చు. మనసుకు ధైర్యం చెబితే చాలామందికి ఇవి వాటంతట అవే తగ్గుతాయి.

ఒక్కొక్క కన్నూ మూసి చూడాలి

ఒక కన్ను చెడితే రెండో కన్ను ఆ లోటును కప్పిపుచ్చుతుంది. రెండు కళ్లూ తెరిచి చూసినంత కాలం తేడా తెలియదు. రెండో కన్ను కూడా పాడయ్యాకగాని మొదటిది ఎప్పుడో పోయిందని బయటపడదు. అందుచేత 50 దాటిన ప్రతివారూ వారానికి ఒకసారి ఒక్కొక్క కన్నును అరచేత్తో మూసి రెండో కంటితో చూసుకోవాలి.

దీనికి యంత్రం అక్కరలేదు. మార్క్ ఆమ్‌స్లర్ అనే స్విట్జర్లాండు కంటి వైద్యుడు 1940లలో ఒక గళ్ల కాగితాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 10 సెంటీమీటర్ల చదరంలో నిలువు గీతలు, అడ్డ గీతలు, నడుమ ఒక చుక్క, అంతే. పిల్లల లెక్కల గళ్ల పుస్తకంలో ఒక పేజీ మధ్య చుక్క పెడితే ఇంటి మట్టుకు పని జరిగిపోతుంది. చదువుకునే అద్దాలు ఉంటే పెట్టుకోవాలి. కాగితాన్ని జానెడున్నర దూరంలో పట్టుకోవాలి. ఒక కన్ను మూసి చుక్కనే చూడాలి. గీతలు వంకర పోయినట్టు, అలల్లా కదిలినట్టు ఉన్నా, ఒకచోట గళ్లు మాయమైనా, నల్లమచ్చ కనిపించినా వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

చదువు రానివారికి కిటికీ ఊచలే గళ్ల కాగితం. ద్వారబంధం, కరెంటు స్తంభం, ఇంటి వాసాలు ఏవైనా పనికొస్తాయి. నిన్నటిదాకా నిటారుగా కనిపించిన స్తంభం ఈరోజు నడుం వంగినట్టు కనిపిస్తే లోపం స్తంభానిది కాదు, కంటిది. అలాంటప్పుడు వచ్చే నెల శిబిరం కోసం ఆగకూడదు. ఆ వారంలోనే నేత్రపటలం చూసే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

చుట్టతో చేటు

వయసును ఎవరూ ఆపలేరు. తల్లికో తండ్రికో ఈ జబ్బు ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది. అదీ ఎవరి చేతిలోనూ లేదు. చేతిలో ఉన్నవాటిలో మొదటిది పొగ. పొగ తాగేవారికి ఈ జబ్బు ముప్పు తాగనివారి కంటె రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువని పలు దేశాల పరిశోధనల్లో తేలింది.

ఈ మాటకు మన దగ్గరి సాక్ష్యమే ఉంది. హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద సర్వే జరిపింది. హైదరాబాదు నగరంలోను, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లోను 10,293 మంది కళ్లు పరీక్షించారు. 40 దాటినవారిలో నూటికి దాదాపు ఇద్దరికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. 60 దాటినవారిలోను, చుట్టలు కాల్చే అలవాటు ఉన్నవారిలోను ఇది ఎక్కువగా కనిపించింది. ఈ ఫలితాలు 2005లో వెలువడ్డాయి.

ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట మగవారికే పరిమితం కాదు. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవారు ఈ ప్రాంతంలో తరతరాలుగా ఉన్నారు. దీనివల్ల అంగిలి దెబ్బతింటుందని, క్యాన్సర్ రావచ్చని వైద్యులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. పొగాకు కంటికి కూడా శత్రువే అన్న సంగతి మాత్రం ఊళ్లలో చేరవలసినంతగా చేరలేదు. పొగ ఏ దారిన లోపలికి వెళ్లినా చివరకు కలిసేది రక్తంలోనే. ఆ రక్తమే పచ్చచుక్కకూ అందుతుంది. ఇన్నేళ్లు కాల్చాక ఇప్పుడు మానితే ఏం లాభం అనుకోవడం పొరపాటు. మానిన తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ ముప్పు తగ్గుతుంది.

రక్తపోటును అదుపులో ఉంచుకోవడం, ఒళ్లు పెరగకుండా చూసుకోవడం, రోజూ కొంత నడవడం కూడా అవసరమని వైద్యులు చెబుతారు. చక్కెర జబ్బు ఉన్నవారికి మరో చిక్కుంది. ఆ జబ్బు వల్ల కూడా నేత్రపటలం దెబ్బతిని నడి చూపు తగ్గవచ్చు. వారు వయసుతో నిమిత్తం లేకుండా ఏటా కంటి వెనుక భాగాన్ని పరీక్ష చేయించుకోవాలి.

పెరటిలోని మందు

పచ్చచుక్కకు ఆ పసుపు వన్నె ల్యూటిన్, జియాజాంథిన్ అనే పదార్థాల వల్ల వస్తుంది. ఇవి వెలుతురు తాకిడి నుంచి ఆ చోటును కాపాడతాయి. శరీరం వీటిని స్వయంగా తయారు చేసుకోలేదు. తిండి ద్వారానే అందాలి. ముదురాకుపచ్చ ఆకుకూరల్లో ఇవి సమృద్ధిగా ఉంటాయి. పాలకూర, తోటకూర, మునగాకు, మెంతికూర ఏ పల్లెలోనైనా దొరికేవే. మొక్కజొన్నలోను, గుడ్డు పచ్చసొనలోను కూడా ఉంటాయి. ఈ పదార్థాలు నూనెలో కలిసేవి గనుక కూరలో కాస్త నూనె పడితేనే ఒంటికి బాగా పడతాయి.

అమెరికాలో జరిగి 1994లో వెలువడిన ఒక పరిశోధనలో, కూరగాయల ద్వారా ఇలాంటి పదార్థాలు బాగా అందినవారిలో ముదిరిన జబ్బు ముప్పు తక్కువ తిన్నవారి కంటె 43 శాతం తక్కువగా కనిపించింది. పాలకూర వంటి ఆకుకూరలది అందులో ముఖ్యపాత్ర. చేపలు తినేవారిలో కూడా ఈ జబ్బు తక్కువేనని పలు పరిశోధనలు చెబుతున్నాయి. తీర గ్రామాల్లో అందుబాటులో ఉండే చేప ఈ విధంగా కంటికీ మేలే. ఆకుకూర తింటే జబ్బు రానే రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ముప్పు తగ్గుతుంది, అంతవరకే.

మందు బిళ్లలు అందరికీ కాదు

కంటి బిళ్లల పేరిట దుకాణాల్లో రకరకాల సీసాలు అమ్ముడవుతున్నాయి. వాటి సంగతి తెలుసుకుని కొనడం మంచిది. అమెరికా జాతీయ నేత్ర సంస్థ జరిపిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2001లో వెలువడ్డాయి. విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్, జింకు, రాగి కలిసిన బిళ్లలను నిర్ణీత మోతాదులో వాడినవారిలో జబ్బు ముదిరే ముప్పు అయిదేళ్లలో దాదాపు 25 శాతం తగ్గింది. అయితే ఈ మేలు జబ్బు నడిమి దశలో ఉన్నవారికి, ఒక కంటికి ముదిరినవారికి మాత్రమే. జబ్బు లేనివారికి రాకుండా ఆపుతుందని రుజువు కాలేదు.

పొగ తాగేవారు బీటా కెరోటిన్ బిళ్లలు వాడితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని తేలడంతో, దాని స్థానంలో 10 మిల్లీగ్రాముల ల్యూటిన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్ చేర్చి మళ్లీ పరీక్షించారు. 2013లో వెలువడిన ఆ ఫలితాల తర్వాత ఈ కొత్త మిశ్రమమే వాడుకలోకి వచ్చింది. చేపనూనె గొట్టాలు కలిపి ఇచ్చినందువల్ల అదనపు లాభం కనిపించలేదు. డాక్టరు పరీక్షించి జబ్బు దశ చెప్పాకే ఈ బిళ్లలపై డబ్బు పెట్టాలి. ఇక తేనె, ఉల్లిరసం, చనుబాలు కంట్లో వేయడం ప్రమాదకరం. అవి కంటి వెనుకకు చేరవు సరికదా, నల్లగుడ్డుపై పుండు పడి ఉన్న చూపు కూడా పోవచ్చు.

కంట్లో సూది

20వ శతాబ్దం చివరి వరకు తడి రకానికి లేజరుతో మాడ్చడం తప్ప గట్టి చికిత్స లేదు. 2006లో పరిస్థితి మారింది. రానిబిజుమాబ్ అనే మందుకు ఆ ఏడాది అమెరికాలో అనుమతి లభించింది. కొత్త రక్తనాళాలు మొలవకుండా, ఊరకుండా ఇది అడ్డుకుంటుంది. పరీక్షల్లో ఈ మందు తీసుకున్న నూటికి 90 మందికి పైగా ఏడాది తర్వాత చూపు పెద్దగా పడిపోకుండా నిలిచింది. పూర్తి మోతాదు తీసుకున్నవారిలో మూడో వంతు మందికి చూపు బాగా మెరుగుపడింది కూడా.

క్యాన్సర్ కోసం వచ్చిన బెవాసిజుమాబ్ అనే మందును చిన్న మోతాదులో కంటికి వాడుతున్నారు. ఖర్చు చాలా తక్కువ. రెండు మందులూ చూపు విషయంలో ఒకేలా పనిచేస్తున్నాయని 2011లో అమెరికాలో జరిగిన పరిశోధన తేల్చింది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని అత్యవసర మందుల జాబితాలో కంటి మందుగా చేర్చింది. ఏ మందు తగినదో, ఖర్చు ఎంతో డాక్టరును మొహమాటం లేకుండా అడిగి తెలుసుకోవచ్చు.

ఈ మందును సూదితో కంటిలోకే ఎక్కిస్తారు. ఈ మాట వినగానే చాలామంది బెదిరిపోతారు. ముందుగా చుక్కలు వేసి కన్నును మొద్దుబారుస్తారు. కొద్ది నిమిషాల పని. అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు. ఒక్క సూదితో తీరిపోదు. మొదట నెలకొకటి చొప్పున మూడు ఇవ్వడం సాధారణం. తర్వాత కన్ను పరిస్థితిని బట్టి వ్యవధి పెంచుతారు. కాస్త బాగుందని మధ్యలో మానేస్తే నీరు మళ్లీ ఊరుతుంది. సూది వేశాక కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా, చూపు తగ్గినా గంటల్లోనే తిరిగి ఆసుపత్రికి వెళ్లాలి. అలా చీము పట్టడం వేలల్లో ఒకరికి జరిగేదే అయినా అశ్రద్ధ కూడదు.

ఎక్కడికి వెళ్లాలి?

మనదేశంలో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలయింది. శుక్లం ఆపరేషన్లే దానికి వెన్నెముక. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు పథకాల కింద ఊరూరా పరీక్షలు జరిగాయి. అద్దాలు పంచారు. వీటివల్ల మేలు పొందినవారు ఎందరో ఉన్నారు. అయితే శిబిరంలో టార్చిలైటు వేసి, అక్షరాల పటం చదివించి చూసే పరీక్షలో పచ్చచుక్క జబ్బు దొరకడం కష్టం. పాపను పెద్దది చేసే చుక్కలు వేసి కంటి లోపలకు చూడాలి. తడి రకమని అనుమానం వస్తే నేత్రపటలాన్ని పొరలు పొరలుగా చూపే స్కాను తీయాలి.

ఈ జిల్లావారికి విశాఖపట్నంలోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. అక్కడే ఎల్.వి.ప్రసాద్ సంస్థ శాఖ ఉంది. హైదరాబాదులో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. చుక్కలు వేశాక కొన్ని గంటలపాటు చూపు మసకగా ఉంటుంది కనుక వెంట ఒకరిని తీసుకువెళ్లాలి. తిరుగు ప్రయాణంలో బండి నడపరాదు. 50 దాటినవారు ఏ బాధా లేకపోయినా ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఇలా చూపించుకోవడం మేలు.

ఇప్పటికే నడి చూపు పోగొట్టుకున్నవారు కూడా నిరాశపడనక్కరలేదు. కాస్త పక్కకు చూస్తూ వస్తువును పోల్చుకోవడం సాధనతో అలవడుతుంది. భూతద్దం, దగ్గరగా మంచి దీపం, పెద్ద అక్షరాలు, చదివి వినిపించే సెల్‌ఫోను ఎంతో ఆసరా ఇస్తాయి. ఎదురుపడినవారు ముందుగా తమ పేరు చెప్పి పలకరిస్తే ముసలివారికి అదే పెద్ద సాయం.

ఇంట్లో 50 దాటిన పెద్దలు ఉన్నవారు ఈరోజే వారిని కిటికీ ముందు కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, ఊచలు ఎలా కనిపిస్తున్నాయో అడగాలి. తర్వాత రెండో కన్ను. రెండు నిమిషాల పని. ఊచలు వంకరగా ఉన్నాయని వారు అంటే మాత్రం కోతలను కూలీలకు అప్పగించి బస్సు ఎక్కించాలి.